కదలని చుక్కతోనే ప్రమాదం

2021 మే 12 ఉదయం. అమెరికాలోని డెన్వర్ నగర శివార్లలో సెంటెనియల్ విమానాశ్రయం. రెండు విమానాలు ఒకేసారి దిగడానికి వస్తున్నాయి. ఒకటి ఇద్దరు ప్రయాణిస్తున్న ఒంటి ఇంజిన్ సిర్రస్ ఎస్సార్22. రెండోది సరుకు రవాణా చేసే జంట ఇంజిన్ల మెట్రోలైనర్, అందులో ఉన్నది పైలట్ ఒక్కరే. అక్కడ రెండు రన్‌వేలు పక్కపక్కనే సమాంతరంగా ఉంటాయి. వాటి మధ్యరేఖల నడుమ దూరం సుమారు 700 అడుగులు, అంటే రెండు వందల మీటర్ల పైచిలుకు. సిర్రస్‌కు 17 రైట్, మెట్రోలైనర్‌కు 17 లెఫ్ట్ కేటాయించారు. పట్టపగలు, మబ్బుల అడ్డు లేదు. టవర్‌లో కంట్రోలర్లు ఉన్నారు, రేడియోలు పనిచేస్తున్నాయి.

అయినా ఢీకొన్నాయి. తన రన్‌వే వరుసలోకి మలుపు తిరుగుతున్న సిర్రస్ ఆ వరుసను దాటిపోయి, పక్క రన్‌వేకు వెళ్తున్న మెట్రోలైనర్‌ను తాకింది. మెట్రోలైనర్ వెనుక భాగం పైకప్పు చీలిపోయింది. తనను మరో విమానం ఢీకొట్టిందని ఆ పైలట్‌కు తెలియనే లేదు. ఇంజిన్ ఆగిపోయిందనుకున్నారు, టవర్‌కు ఆ మాటే చెప్పి, చీలిన విమానాన్ని క్షేమంగా దించారు. సిర్రస్ విమానాల్లో మొత్తం విమానాన్నే మోయగల పారాచూట్ ఉంటుంది. ఆ పైలట్ దాన్ని తెరిచారు. విమానం నేలకు చేరింది, ఇద్దరికీ గాయాలు కాలేదు.

ముగ్గురూ బతికి బయటపడిన ఈ ప్రమాదాన్ని అదృష్టం ఖాతాలో వేసి మరిచిపోకూడదు. చిన్న విమానాలు గాలిలో ఎందుకు ఢీకొంటాయో చెప్పే కారణాలు చాలావరకు ఇందులోనే ఉన్నాయి. మనిషి కంటికి ఉన్న హద్దు, వేగానికీ మలుపుకూ ఉన్న లెక్క, చెప్పాల్సిన సమాచారం చెప్పకపోవడం, అన్నీ కలిశాయి. వీటిని ఒక్కొక్కటిగా విప్పి చూస్తే, విమానాశ్రయం చుట్టూ ఉన్న ఆకాశాన్ని క్షేమంగా ఉంచేది ఏమిటో తెలుస్తుంది.

ఎండ కాసే రోజే ఎందుకు?

గాలిలో ఢీకొనడం అనగానే దట్టమైన మబ్బులు, చీకటి, తుఫాను మనసులో మెదులుతాయి. చిన్న విమానాల విషయంలో జరిగేది ఇందుకు పూర్తిగా భిన్నం. ఇలాంటి ప్రమాదాల్లో అత్యధికం పగటిపూట, వాతావరణం చక్కగా ఉన్నప్పుడు, విమానాశ్రయానికి కొద్ది మైళ్ల లోపునే జరుగుతాయి. కారణం తేలికగానే అర్థమవుతుంది. ఆకాశం బాగున్న రోజునే ఎక్కువ మంది ఎగురుతారు. ఎక్కడెక్కడికో వెళ్లినవాళ్లంతా చివరికి ఒకే రన్‌వే కొసకు రావాలి. వేల చదరపు మైళ్ల ఆకాశంలో చెదిరి ఉన్న విమానాలు, నేలకు వెయ్యి అడుగుల ఎత్తులో, రెండు మూడు మైళ్ల ఇరుకులోకి చేరతాయి.

ఎదురెదురుగా దూసుకొచ్చి గుద్దుకోవడం కూడా అరుదే. వెనుక నుంచి వేగంగా వచ్చే విమానం ముందున్న నెమ్మదైన విమానాన్ని అందుకుని తాకడమే ఎక్కువ. రెండూ ఒకే దిక్కుకు, ఒకే రన్‌వేకు పోతుంటాయి గనక, పైలట్లు ఇద్దరూ ముందుకే చూస్తుంటారు. ముందున్నవారికి వెనుక ఏముందో కనిపించదు. వెనుకున్నవారి దృష్టి రన్‌వే మీద ఉంటుంది.

కన్ను ఎక్కడ ఓడిపోతుంది?

మబ్బుల్లేని వాతావరణంలో ఎగిరే చిన్న విమానాలకు ప్రపంచమంతటా ఉన్న మొదటి నియమం ఒకటే: చూడు, తప్పుకో. వినడానికి ఇంతకంటే తేలికైన నియమం లేదు. ఆచరణలో ఇది ఎంత కష్టమో చూపించే ఒక లెక్క అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ పైలట్లకిచ్చే సూచనల్లో ఉంది. ఎదుటి వస్తువు కంట పడటానికి 0.1 సెకను. అది విమానమని గుర్తించడానికి 1 సెకను. అది తన దారికే వస్తోందని గ్రహించడానికి 5 సెకన్లు. ఎటు తప్పుకోవాలో తేల్చుకోవడానికి 4 సెకన్లు. చేతులు కదలడానికి 0.4 సెకను. విమానం ఆ మాట విని వంగడానికి 2 సెకన్లు. మొత్తం 12.5 సెకన్లు.

ఈ 12.5 సెకన్లను దూరంలోకి మార్చి చూద్దాం. వంద నాట్ల వేగంతో రెండు సెస్నా 172 విమానాలు ఎదురెదురుగా వస్తున్నాయనుకోండి. వాటి మధ్య దూరం సెకనుకు నూరు మీటర్లకు పైగా తరిగిపోతుంది. అంటే ఎదుటి విమానాన్ని కనీసం 1.3 కిలోమీటర్ల దూరంలోనే చూడాలి. ఆ దూరంలో సుమారు 1.2 మీటర్ల వెడల్పున్న విమానం మొండెం, పున్నమి చంద్రుడి వెడల్పులో పదో వంతుంటుంది. రెక్కలు 11 మీటర్ల పొడవున్నా, ఎదురుగా చూసినప్పుడు వాటి అంచు సన్నని గీత మాత్రమే. పైలట్ పట్టుకోవలసింది ఆ చుక్కనే.

ఆ చుక్క పెరిగే తీరు కూడా మోసం చేస్తుంది. దూరం సగమైనప్పుడల్లా దాని వెడల్పు రెట్టింపవుతుంది. ఇరవై సెకన్ల దూరంలో చుక్కగా ఉన్నది పది సెకన్లకు వచ్చేసరికి రెండు చుక్కలంత, అయిదు సెకన్లకు నాలుగు చుక్కలంత అవుతుంది. అప్పటికీ చిన్నదే. చివరి రెండు మూడు సెకన్లలో ఒక్కసారిగా అద్దమంతా నిండిపోతుంది. ఆ సమయానికి తప్పుకోవడానికి వ్యవధి ఉండదు.

ఇంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. ఢీకొట్టబోయే విమానం కదలదు. ఈ మాట నమ్మశక్యంగా అనిపించకపోతే నేల మీద చూడవచ్చు. పొలాల మధ్య రెండు తిన్నని రోడ్లు ఒక కూడలిలో కలుస్తున్నాయి. మీరొక రోడ్డు మీద బండిలో వెళ్తున్నారు, రెండో రోడ్డు మీద ఒక లారీ వస్తోంది. ఇద్దరి వేగమూ నిలకడగా ఉంది. మీ అద్దంలో లారీ ముందుకు జరుగుతూ కనిపిస్తే అది మీకంటే ముందే కూడలి దాటిపోతుంది. వెనక్కి జరుగుతుంటే మీరు ముందు దాటిపోతారు. అద్దంలో ఒకే చోట అతుక్కున్నట్టు ఉండిపోయిందంటే, ఇద్దరూ ఒకే క్షణానికి కూడలి చేరతారు. ఓడ నడిపేవాళ్లకు ఇది శతాబ్దాలుగా తెలుసు: దిక్కు మారకుండా దూరం తగ్గుతుంటే అది ఢీకొనే దారే.

మన కంటి నిర్మాణానికి ఇది సరిగ్గా గిట్టని విషయం. చెయ్యి చాచి బొటనవేలు చూడండి. ఆ వేలి వెడల్పు కంటి దగ్గర దాదాపు రెండు డిగ్రీలు. మన చూపు నిజంగా స్పష్టంగా ఉండేది అంత మేరకే. మిగిలినదంతా మసక చూపు. ఆ మసక భాగం ఆకారాలను పోల్చుకోలేదు గానీ, కదలికను చటుక్కున పట్టేస్తుంది. పక్కనుంచి ఏదైనా కదిలితే తల అటు తిరిగేది అందుకే. ఢీకొనబోయే విమానం మాత్రం కదలదు. కదలికను పట్టే భాగానికి అది చిక్కదు, స్పష్టంగా చూసే భాగం సరిగ్గా దాని మీద పడితే తప్ప తెలియదు. అటూ ఇటూ కదులుతూ కంటపడే విమానాలు చాలావరకు మనల్ని ఢీకొట్టనివే. ఏ చుక్క ప్రాణం తీస్తుందో ఆ చుక్కే అన్నింటికంటే ఎక్కువ దాగి ఉంటుంది.

దీనికి తోడు మరికొన్ని పరిమితులున్నాయి. ఏ గుర్తూ లేని నీలాకాశంలోకి చూస్తుంటే, ఆనడానికి ఏమీ దొరకక కన్ను కొద్ది మీటర్ల దూరంలోనే ఫోకస్ నిలుపుకుంటుంది. దూరంగా చూస్తున్నామనే అనుకుంటాం, నిజానికి చూడం. చూపును గబగబా ఒక చివర నుంచి మరో చివరకు తిప్పితే, కన్ను కదులుతున్నంతసేపూ మెదడు ఆ దృశ్యాన్ని లెక్కలోకి తీసుకోదు. అందుకే ఆకాశాన్ని పది డిగ్రీల ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్క మీద కనీసం ఒక సెకను ఆగమని నేర్పుతారు. ఎడమ రెక్క నుంచి కుడి రెక్క దాకా 180 డిగ్రీలు చూడాలంటే 18 ముక్కలు, 18 సెకన్లు. అదీ కళ్లకు సమానమైన ఎత్తులో ఒక్క వరుస చూడటానికే. తప్పుకోవడానికి కావలసినవి 12.5 సెకన్లు, ఒక్కసారి చూడటానికే 18 సెకన్లు. ఎంత శ్రద్ధ గల పైలటైనా ఈ లెక్కను మార్చలేరు.

ఆస్ట్రేలియా ప్రమాద దర్యాప్తు సంస్థ 1991లోనే దీని మీద ఒక సమగ్ర నివేదిక వెలువరించింది. కళ్లనే నమ్ముకునే పద్ధతికి ఎన్ని హద్దులున్నాయో అందులో వరుసగా చెప్పింది. అందులోనే ఆశ కలిగించే మాట కూడా ఉంది. ఏ దిక్కున చూడాలో ముందే తెలిసిన పైలట్ వెతుకులాట, ఏమీ తెలియకుండా వెతికే పైలట్ వెతుకులాట కంటే ఎనిమిది రెట్లు ఫలవంతంగా ఉంటుంది. విమానాశ్రయం చుట్టూ ఉన్న ప్రతి నియమం, ప్రతి రేడియో మాట, ప్రతి పరికరం అంతిమంగా చేసే పని ఇదే. కంటికి ఎక్కడ చూడాలో చెప్పడం.

సర్క్యూట్: అందరికీ తెలిసిన దారి

రన్‌వే చుట్టూ ఎగరడానికి ఒక దీర్ఘచతురస్రపు దారి ఉంటుంది. దాన్ని పైలట్లు సర్క్యూట్ అంటారు. టేకాఫ్ అయ్యాక తిన్నగా పైకి లేవాలి, ఎడమకు తిరిగితే క్రాస్‌విండ్, మళ్లీ ఎడమకు తిరిగి రన్‌వేకు సమాంతరంగా వెనక్కి వస్తే డౌన్‌విండ్, ఇంకో మలుపుతో బేస్, చివరి మలుపుతో ఫైనల్, ఆపైన ల్యాండింగ్. ఎత్తు సాధారణంగా నేల నుంచి వెయ్యి అడుగులు. ప్రత్యేక కారణం ఉంటే తప్ప మలుపులన్నీ ఎడమకే. కెప్టెన్ సీటు ఎడమవైపు ఉంటుంది కనుక, అటు తిరుగుతూ ఉంటే రన్‌వే ఎప్పుడూ ఆయన కంటి ముందుంటుంది.

ఈ దారి విలువ దాని ఆకారంలో లేదు, అది అందరికీ తెలిసి ఉండటంలో ఉంది. కొత్తగా వచ్చే పైలట్, మిగతా విమానాలు ఏ ఎత్తులో, ఏ వరుసలో ఉంటాయో ముందే ఊహించగలరు. వెతకవలసిన ఆకాశం చిన్నదైపోతుంది. అమెరికాలో సర్క్యూట్‌లోకి వచ్చేవాళ్లు డౌన్‌విండ్ నడిమికి 45 డిగ్రీల కోణంలో, ముందే అదే ఎత్తుకు వచ్చి చేరాలని సూచిస్తారు. పైనుంచి ఆ వరుసలోకి దిగితే, కింద ఉన్న విమానం, దిగుతున్న విమానపు ముక్కు కిందే దాగి ఉండవచ్చు.

ఆ దాగుడుకు విమానం ఆకారమే కారణం. సెస్నా విమానాల రెక్కలు పైలట్ తలకు పైన ఉంటాయి. కింద బాగా కనిపిస్తుంది, పైన కనిపించదు. మలుపు తిరిగేటప్పుడు కిందికి వంగిన రెక్క, తిరగబోయే వైపునే మూసేస్తుంది. పైపర్, సిర్రస్ లాంటి వాటి రెక్కలు పైలట్ కాళ్లకు కింద ఉంటాయి. పైన కనిపిస్తుంది, కింద కనిపించదు. ఫైనల్‌లో కింద సెస్నా, దాని నెత్తిన పైపర్ చేరితే, ఇద్దరిలో ఎవరికీ ఎవరూ కనిపించరు. అందుకే మలుపు తిరగబోయే ముందు తిరిగే వైపు రెక్కను కొంచెం పైకెత్తి చూడటం, ఎత్తు పెంచుతున్నప్పుడు కాస్త అటూ ఇటూ తిరగడం నేర్పుతారు. విద్యార్థులకు మొదట్లో ఇవి అనవసరపు కసరత్తులుగా అనిపిస్తాయి. ఆ కొద్దిపాటి కదలిక వల్లనే మూసుకున్న ఆకాశం తెరుచుకుంటుంది, ఎదుటివారికి మన విమానం కదులుతూ కనిపిస్తుంది.

వేగం పెరిగితే మలుపు పెరుగుతుంది

సెంటెనియల్ ప్రమాదంలో సిర్రస్ తన వరుసను ఎందుకు దాటిపోయింది? అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ చెప్పిన కారణాల్లో వేగం ఒకటి. ల్యాండింగ్‌కు సిఫారసు చేసిన వేగం కంటే ఎక్కువ వేగంతో ఆ విమానం మలుపు తీసుకుంది. ఇక్కడ సాదాసీదా భౌతిక శాస్త్రం పనిచేస్తుంది. విమానాన్ని ఒకే కోణంలో వంచి తిప్పినప్పుడు, మలుపు వ్యాసార్థం వేగం వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. 30 డిగ్రీలు వంచి 80 నాట్లతో తిరిగితే వ్యాసార్థం దాదాపు 300 మీటర్లు. అదే కోణంలో 140 నాట్లతో తిరిగితే 900 మీటర్ల పైమాటే. వేగం రెట్టింపు కాకముందే మలుపు మూడింతలైంది. పక్క రన్‌వే మధ్యరేఖ రెండు వందల మీటర్ల దూరంలోనే ఉన్నప్పుడు ఈ తేడాకు చోటెక్కడ?

వేగంలో తేడా మరో రకంగానూ ప్రాణాంతకం. 2022 ఆగస్టు 18న కాలిఫోర్నియాలోని వాట్సన్‌విల్ విమానాశ్రయంలో, టవర్ లేని చోట, ఒక చిన్న సెస్నా 152 సర్క్యూట్‌లో సాధన చేస్తోంది. జంట ఇంజిన్ల సెస్నా 340 ఒకటి సర్క్యూట్‌లోకి రాకుండా దూరం నుంచి తిన్నగా ఫైనల్‌కు వస్తోంది. దాని వేగం 180 నాట్ల ప్రాంతంలో ఉంది. అలాంటి విమానం దిగవలసిన వేగం కంటే అది చాలా ఎక్కువ. రెండు విమానాల పైలట్లూ ఒకే ఫ్రీక్వెన్సీ మీద తామెక్కడున్నారో చెబుతూనే ఉన్నారు. ముందున్నవారు, వెనుక విమానం అతి వేగంగా దగ్గరవుతోందని గ్రహించి తప్పుకోబోయారు కూడా. అప్పటికే ఆలస్యమైంది. ముగ్గురు చనిపోయారు.

సెస్నా 152 ఫైనల్‌లో 60, 70 నాట్లకు మించి ఎగరదు. వెనుక విమానం 180 నాట్లతో వస్తుంటే, ఒక కిలోమీటర్ ఎడం 18 సెకన్లలో కరిగిపోతుంది. మూడు మైళ్ల దూరంలో ఉన్నానని చెప్పే విమానం గురించి వింటే, సర్క్యూట్‌లో ఉన్న పైలట్ తన అనుభవంలోని వేగంతోనే లెక్కవేసుకుంటారు. ఇంకా బోలెడు సమయం ఉందనుకుంటారు. అందుకే చిన్న విమానాశ్రయానికి వేగమైన విమానంతో వచ్చేవాళ్లు చాలా ముందుగానే వేగం తగ్గించాలి, సర్క్యూట్ నిండుగా ఉంటే అందులోకి వచ్చి వరుసలో చేరాలి. తిన్నగా రావడం చట్టవిరుద్ధం కాదు. అప్పటికే తిరుగుతున్నవాళ్ల లెక్కను తలకిందులు చేసే హక్కు మాత్రం అది ఇవ్వదు. ఫైనల్‌లో కింద ఉన్న విమానానికి ముందు దిగే హక్కుంది, కానీ ఆ హక్కును వాడుకుని ఇంకొకరి ముందుకు దూరకూడదని కూడా అమెరికా నిబంధనలు స్పష్టంగా చెబుతాయి.

మాట చేరాలి, అర్థం కావాలి

టవర్ లేని విమానాశ్రయంలో పైలట్లే ఒకరికొకరు కంట్రోలర్లు. నిర్ణీత ఫ్రీక్వెన్సీలో ఊరి పేరు, తమ విమానం రకం, ఉన్న చోటు, ఎత్తు, చేయబోయే పని చెప్పి, చివర మళ్లీ ఊరి పేరు చెబుతారు. చుట్టుపక్కల ఎన్నో విమానాశ్రయాలు ఒకే ఫ్రీక్వెన్సీ వాడుతుంటాయి, అందుకే పేరు రెండుసార్లు. పది మైళ్ల దూరం నుంచే వినడం, చెప్పడం మొదలుపెట్టాలి. ఇక్కడ ఒక సాధారణ పొరపాటు జరుగుతుంటుంది. పరికరాల సాయంతో దిగడం నేర్చిన పైలట్, ఆ పద్ధతిలో వాడే బిందువు పేరు చెప్పి దాన్ని దాటానంటారు. అదే ఆకాశంలో మొదటిసారి ఒంటరిగా ఎగురుతున్న విద్యార్థికి ఆ పేరు తెలియదు. ఎన్ని మైళ్లు, ఏ దిక్కు అని చెబితేనే ఆ మాట ఎదుటివారి కంటిని సరైన చోటుకు తిప్పుతుంది. అమెరికాలో ఇలాంటి చోట రేడియో లేకుండానే ఎగిరే పాత విమానాలు కూడా ఉంటాయి. ఫ్రీక్వెన్సీలో నిశ్శబ్దం ఉన్నంత మాత్రాన ఆకాశం ఖాళీ అనుకోకూడదు.

టవర్ ఉన్నా నిశ్చింతగా ఉండలేం. 2022 జులై 17న ఉత్తర లాస్‌వేగాస్ విమానాశ్రయంలో ఒక పైపర్ విమానానికి 30 లెఫ్ట్ రన్‌వే ఇచ్చారు. పైలట్ ఆ మాటను తిరిగి సరిగ్గానే చెప్పారు. కానీ విమానాన్ని 30 రైట్ వరుసలోకి తెచ్చారు. అక్కడ ఒక సెస్నా 172 దిగుతోంది. రెండింట్లోనూ ఉన్న నలుగురూ మరణించారు. నోటితో సరిగ్గా చెప్పినది చేతితో తప్పింది. సెంటెనియల్‌లో కంట్రోలర్, మెట్రోలైనర్ గురించి సిర్రస్‌కు చెప్పారు గానీ, సిర్రస్ గురించి మెట్రోలైనర్‌కు చెప్పలేదు. ఎన్‌టీఎస్‌బీ దాన్ని ప్రమాదానికి తోడైన కారణంగా ఎత్తిచూపింది. ఇద్దరిలో ఒకరికే తెలిసిన ప్రమాదానికి రక్షణ సగమే.

చూశాక కూడా చూపు వదలకూడదని 1978లో శాన్‌డియాగో నేర్పింది. ఆ ఏడాది సెప్టెంబర్ 25న పీఎస్‌ఏ విమానయాన సంస్థ బోయింగ్ 727 దిగడానికి వస్తూ, ముందున్న సెస్నా 172 గురించి కంట్రోలర్ చెప్పగా విన్నది. సిబ్బంది దాన్ని చూశారు, తరువాత చూపు తప్పారు, వెనకబడిపోయి ఉంటుందని అనుకున్నారు. అది వాళ్ల ముందు, కిందే ఉంది. 144 మంది ప్రాణాలు పోయాయి. ఎదుటి విమానం కనబడకపోతే కనబడటం లేదని వెంటనే చెప్పడం, ఆ ఒక్క మాటే, పైలట్ చేతిలో ఉన్న గొప్ప రక్షణ.

పరికరాలు ఎంత సాయం?

1986 ఆగస్టు 31న లాస్‌ఏంజిలిస్ దగ్గర సెరిటోస్‌లో ఏరోమెక్సికో డీసీ-9ను ఒక చిన్న పైపర్ ఢీకొంది. నేల మీదివాళ్లతో కలిపి 82 మంది చనిపోయారు. పైపర్ తాను ఉండకూడని ఆకాశంలోకి వచ్చింది. తన ఎత్తును రాడార్‌కు చెప్పే పరికరం దానిలో లేదు. ఈ దుర్ఘటన తరువాతే అమెరికా పెద్ద విమానాలకు టీకాస్ అనే హెచ్చరిక వ్యవస్థను తప్పనిసరి చేసింది. ఇతర విమానాల్లో జవాబిచ్చే ట్రాన్స్‌పాండర్ పరికరాలను ఇది పలకరిస్తుంది, వచ్చే జవాబుల నుంచి దూరం, ఎత్తు లెక్కగడుతుంది, అవసరమైతే పైకి వెళ్లమనో దిగమనో పైలట్‌కు ఆజ్ఞ ఇస్తుంది. మన దేశంలో 1996 నవంబర్ 12న హరియాణాలోని చర్ఖీ దాద్రి మీద సౌదీ, కజఖ్ విమానాలు ఢీకొని 349 మంది మరణించాక ఇక్కడా ఇది తప్పనిసరి అయింది. ప్రపంచంలో రెండు విమానాలు గాలిలో ఢీకొన్న ఘటనల్లో అంతటి ప్రాణనష్టం మరెన్నడూ జరగలేదు.

నలుగురు కూర్చునే విమానానికి టీకాస్ ఖర్చు, బరువు భరించరానివి. ఆ లోటును ఇప్పుడు ఏడీఎస్-బీ తీరుస్తోంది. విమానం తన స్థానాన్ని జీపీఎస్ నుంచి తెలుసుకుని, దాదాపు సెకనుకోసారి తనంతట తానే ప్రసారం చేస్తుంది. దగ్గరున్న ఇతర విమానాలు ఆ ప్రసారాన్ని అందుకుని, పైలట్ ముందున్న తెర మీద చుక్కలుగా చూపిస్తాయి. అమెరికాలో రద్దీగా ఉండే ఆకాశంలో ఈ ప్రసారం 2020 జనవరి 1 నుంచి తప్పనిసరి. అందుకునే పరికరం మాత్రం తప్పనిసరి కాదు. యూరప్‌లో గ్లైడర్ల కోసం స్విట్జర్లాండ్‌లో రూపొందిన ఫ్లార్మ్ ఇదే పనిని తక్కువ ఖర్చుతో చేస్తోంది.

ఈ పరికరాలు ప్రాణాలు కాపాడతాయి, సందేహం లేదు. వాటి హద్దులూ తెలిసి ఉండాలి. ప్రసారం చేయని విమానం తెర మీద కనిపించకపోవచ్చు. ఇరుకైన సర్క్యూట్‌లో అన్ని విమానాలూ దగ్గరదగ్గరగానే ఉంటాయి గనక హెచ్చరికలు పదేపదే మోగుతాయి, మోగి మోగి వాటి విలువ పోతుంది. టీకాస్ కూడా నేలకు సుమారు వెయ్యి అడుగుల లోపు తప్పించుకునే ఆజ్ఞలు ఇవ్వదు. ఆ ఎత్తులోనే సర్క్యూట్ ఉంటుంది. 2025 జనవరి 29న వాషింగ్టన్‌లో ప్రయాణికుల జెట్, సైనిక హెలికాప్టర్ పోటోమాక్ నది మీద ఢీకొని 67 మంది చనిపోయినప్పుడు, హెలికాప్టర్ ఏడీఎస్-బీ ప్రసారం చేయడం లేదు. ఆ ఎత్తులో జెట్‌లోని టీకాస్‌కు ఆజ్ఞ ఇచ్చే అవకాశమూ లేదు. తెర వైపు చూస్తూ కూర్చుంటే అద్దం బయట చూసే కన్ను తగ్గిపోతుంది. తెర చేయాల్సిన పని, ఎటు చూడాలో చెప్పడం. చూడాల్సింది కన్నే.

పైసా ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. విమానాశ్రయానికి పది మైళ్ల లోపు పగలైనా ల్యాండింగ్ లైటు వేసి ఉంచడం. ఆకాశంలో కలిసిపోయే చిన్న ఆకారం కంటే వెలుగు చుక్క చాలా ముందుగా కంటపడుతుంది. మనం ఇతరులను చూడటం ఎంత అవసరమో, ఇతరులకు కనిపించేలా ఎగరడం అంత అవసరం.

మన పిల్లలు ఎగిరే ఆకాశం

ఇవన్నీ ఎక్కడో జరిగిన సంగతులు కావు. కమర్షియల్ పైలట్ లైసెన్సు కోసం రెండు వందల గంటలు ఎగరడానికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి ఎందరో పిల్లలు అమెరికా, కెనడా వంటి దేశాలకు వెళ్తున్నారు. 2025 జులై 8న కెనడాలోని మానిటోబాలో, స్టైన్‌బాక్ సమీపంలో, ఒంటరిగా ల్యాండింగ్ సాధన చేస్తున్న ఇద్దరు శిక్షణార్థుల విమానాలు ఢీకొని ఇద్దరూ మరణించారు. వారిలో ఒకరు భారతీయ విద్యార్థి. ఇక్కడ హైదరాబాద్‌లోనూ, ప్రయాణికుల విమానాలు 2008లో శంషాబాద్‌కు తరలిపోయాక బేగంపేట శిక్షణ విమానాలకు నెలవుగా ఉంది. దానికి సమీపంలోనే హకీంపేట, దుండిగల్ వైమానిక దళ స్థావరాల్లో సైనిక శిక్షణ సాగుతుంది. దేశంలో పైలట్ల కొరత తీర్చడానికి ఫ్లయింగ్ స్కూళ్లు పెరుగుతున్నాయి. ఒకే రన్‌వే చుట్టూ అరడజను మంది కొత్తవాళ్లు తిరిగే రోజులు ఎక్కువవుతాయి.

అందుకే శిక్షణ విమానాలన్నీ ఏడీఎస్-బీని ప్రసారం చేయాలి, అందుకోవాలి కూడా. ఒక్కసారి పెట్టే ఆ ఖర్చు, ఒక విమానం ధరలో చిన్న వంతు. సర్క్యూట్‌లో ఒకేసారి ఎన్ని విమానాలు ఉండొచ్చో ప్రతి స్కూలుకూ రాతపూర్వకమైన హద్దు ఉండాలి. విద్యార్థి మొదటిసారి ఒంటరిగా ఎగిరే ముందు, ల్యాండింగ్ ఎంత మెత్తగా చేస్తున్నాడన్నదే కాదు, రేడియోలో విన్న మాటలను బట్టి ఏ విమానం ఎక్కడుందో మనసులో పటం గీసుకోగలుగుతున్నాడా అన్నది కూడా పరీక్షించాలి.

పిల్లల్ని ఈ చదువుకు పంపే తల్లిదండ్రులు స్కూలు ఎంచుకునేటప్పుడు ఫీజెంత, ఎన్ని నెలలు అని అడుగుతారు. ఇంకో మూడు ప్రశ్నలు కూడా అడగాలి. మీ విమానాలు ఒకదానికొకటి తెర మీద కనిపిస్తాయా? సర్క్యూట్‌లో ఒకేసారి ఎన్నింటిని తిప్పుతారు? వెనక్కి తగ్గి మరో చుట్టు తిరిగి వచ్చిన విద్యార్థిని మెచ్చుకుంటారా, ఇంధనం వృథా చేశావని విసుక్కుంటారా? మూడో ప్రశ్నకు వచ్చే జవాబు అన్నింటికంటే ముఖ్యం. పరికరం హెచ్చరించినా, రేడియో చెప్పినా, కన్ను పట్టినా, చివరికి ల్యాండింగ్ వదులుకుని పక్కకు తప్పుకోవాల్సింది ఆ కుర్చీలో కూర్చున్న పిల్లవాడో, పిల్లో. అలా తప్పుకోవడం ఓటమి కాదని మొదటి పాఠం నుంచీ నేర్పిన స్కూలే మంచి స్కూలు.